చదవడం నేర్పడమే మొదటి ఓదార్పు

బడుల్లో పిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు మాట్లాడుతున్నంతగా మునుపు మాట్లాడుకోలేదు. మంచి మార్పే. వారానికొక పీరియడ్ అందుకోసం కేటాయిస్తున్నారు, కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంటున్నారు, ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో టీచర్లకు వర్క్‌షాపులు పెడుతున్నారు. వీటిలో దేన్నీ నేను తప్పుపట్టను. అయితే భాష చెప్పే టీచరుగా నాకొక గట్టి నమ్మకం ఉంది. పిల్లల మనసు నొచ్చుకునేదీ, తిరిగి తేరుకునేదీ ఎక్కువగా రోజూ జరిగే చదవడం, రాయడం దగ్గరే. టీచర్ల సంగతీ అంతే. ఆ రోజువారీ పనిని ఉన్నదున్నట్టు వదిలేసి, పక్కన ఇంకో కార్యక్రమం తెచ్చిపెడితే ఒరిగేది తక్కువ.

చదవడం రాని పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో నిదానంగా ఊహించి చూడండి. లెక్క వాడికి వచ్చు, కానీ ఆ లెక్క నాలుగు వాక్యాల్లో రాసి ఉంటుంది. సైన్సు ప్రయోగం చూసినప్పుడు అర్థమైంది, పుస్తకంలో దాని మీద అడిగిన ప్రశ్న అర్థం కాదు. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుంటాడు, ఏం ఎక్కించుకున్నాడో తెలియదు. రోజుకు ఐదారు గంటలు, ఏళ్ల తరబడి, తనకు రాని పని ముందే కూర్చోవాలి. పెద్దవాళ్లను ఎవరినైనా అలాంటి ఉద్యోగంలో పెడితే నెల తిరక్కుండా మానేస్తారు. వాడికి మానేసే వీలు లేదు. అందుకని దాచుకోవడం నేర్చుకుంటాడు.

ఆ దాచుకోవడంలో పిల్లలు చూపించే తెలివి చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వరసగా లేచి ఒక్కొక్కరూ ఒక్కో పేరా చదవమంటే, ముందున్నవాళ్లను లెక్కపెట్టుకుని తన వంతుకు ఏ పేరా వస్తుందో పట్టేస్తారు. దాన్ని పెదాలు కదుపుతూ కూడబలుక్కుంటూ ఉంటారు కాబట్టి మిగతా పాఠం ఒక్క ముక్క చెవికెక్కదు. వంతు దగ్గరపడగానే బాత్‌రూమ్‌కని లేచేవాళ్లుంటారు. పక్కవాళ్లచేత చదివించుకుని బట్టీ పట్టేవాళ్లుంటారు. ఏదో ఒక కోతిచేష్ట చేసి, టీచరుకు కోపం తెప్పించి, బయట నిలబడే శిక్ష వేయించుకునేవాళ్లుంటారు. వాళ్లను మనం అల్లరివాళ్ల లెక్కలో రాసేస్తాం. చదువు రాదన్న పేరు కంటే అల్లరివాడన్న పేరు వాడికి నయం. నలుగురి ముందు నామోషీ తప్పుతుంది కదా.

వంతులవారీగా గట్టిగా చదివించే ఈ అలవాటు తరగతి గదిలోంచి పోవాలి. దీనివల్ల లాభం ఎవరికి? బాగా చదివేవాళ్లకు దక్కేది ఒక్క పేరా సాధన. తడబడేవాళ్లకు దక్కేది అవమానం. వినేవాళ్లకు ముక్కలు ముక్కలైన పాఠం. పిల్లల చేత గట్టిగా చదివించాలి, అందులో అనుమానం లేదు, ధారాళత అలాగే వస్తుంది. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరికొకరు చదివి వినిపించుకోమనవచ్చు. అందరూ ఒకేసారి టీచరుతో గొంతు కలపవచ్చు. మిగతావాళ్లు రాసుకుంటూ ఉండగా టీచరు ఒక్కొక్కరి పక్కన రెండు నిమిషాలు కూర్చుని వినవచ్చు. తరగతి ముందు చదవాల్సి వస్తే ముందురోజే ఆ పేరా ఇచ్చి సాధన చేసుకోనివ్వవచ్చు. ఇవేవీ కొత్తవి కావు, ఖర్చుతో కూడినవీ కావు.

చదవడంలో వెనకబడటం ఒకచోట ఆగే విషయం కాదు. 1986లో కీత్ స్టానోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని వివరంగా రాశారు. చదవడం త్వరగా పట్టుబడ్డవాళ్లు ఎక్కువ చదువుతారు, ఎక్కువ చదివినందువల్ల మాటలు, విషయాలు ఎక్కువ తెలుస్తాయి, దాంతో చదవడం ఇంకా తేలికవుతుంది. రానివాళ్లు తప్పించుకుంటారు, తప్పించుకున్నకొద్దీ దూరం పెరుగుతుంది. ఉన్నవాడికే ఇంకా ఇవ్వబడుతుందన్న మత్తయి సువార్త వాక్యాన్ని గుర్తుచేస్తూ దీన్ని మత్తయి ప్రభావం అని పిలిచారు. ఈ దూరం మార్కుల్లోనే కనబడి ఊరుకోదు. చదవడంలో ఇబ్బంది పడే పిల్లల్లో ఆందోళన, దిగులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో తేల్చింది. ముఖ్యంగా ఆందోళన. తరగతిలో నిలబడే ఏ టీచరుకైనా ఇది కొత్త సంగతి కాదు. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో దాదాపు 70 శాతం మంది ఒక చిన్న, తేలికపాటి కథను చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు, యునెస్కో తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. ఆ అంకెను చదువుల సంక్షోభంగానే చూస్తున్నాం. అంతమంది పిల్లలు రోజూ ఎంత టెన్షన్‌తో బడికి వెళ్తున్నారో కూడా ఆ అంకెలోనే ఉంది.

అందుకే, చదవడం రాని పిల్లవాణ్ని "నువ్వు తెలివైనవాడివే, చదువొక్కటే జీవితం కాదు" అని వెన్నుతట్టి పంపేయడాన్ని నేను ఒప్పుకోలేను. అనేవాళ్లకు ప్రేమ లేదని కాదు. ఆ మాటతో వాడి ఇబ్బంది రేపటికి కూడా అలాగే ఉంటుంది. వాడికి కావలసింది ఎవరైనా పక్కన కూర్చుని, ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి, అక్కడినుంచి నేర్పడం. 1986లోనే గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడమంటే రెండు సామర్థ్యాల గుణకారమని సూత్రీకరించారు. అక్షరాలను మాటలుగా మార్చుకోగలగడం ఒకటి, ఆ భాష విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం రెండోది. గుణకారం కాబట్టి రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. కథ చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వినే పిల్ల అదే కథ పుస్తకంలో ఇస్తే బిక్కమొహం వేసిందంటే, లోపం తెలివిలో లేదు, మొదటి సామర్థ్యంలో ఉంది. అది నేర్పితే వచ్చేది. గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర చిక్కుకున్న పిల్లలు పై తరగతుల్లో కూడా ఉంటారు. అవి కింది తరగతుల పని కదా అని మనం దాటేస్తాం.

ఆరో తరగతిలో నాకొక కుర్రాడుండేవాడు. రోజూ ఎవరో ఒకరు వాడిమీద ఫిర్యాదు తెచ్చేవారు. ఒత్తక్షరం వచ్చిన ప్రతిచోటా ఆగిపోతున్నాడని గమనించాక, ప్రార్థనకు ముందు కాసేపు నా దగ్గర కూర్చోబెట్టుకుని వాటినే చదివించేదాన్ని. పక్కన ఎవరూ ఉండేవాళ్లు కాదు. కొన్ని నెలలకు కూడబలుక్కోవడం తగ్గింది. ఫిర్యాదులూ తగ్గాయి. వాడి ప్రవర్తన గురించి ఆ నెలల్లో మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

చదవడం వచ్చాక ఏం చదివిస్తామన్నది తర్వాతి సంగతి. పిల్లల పుస్తకాల మీద జీవితమంతా పనిచేసిన రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసంలో, పుస్తకం పిల్లలకు కిటికీ కావాలి, అద్దం కూడా కావాలి అన్నారు. వేరేవాళ్ల బతుకు కనపడాలి, తమ బతుకూ కనపడాలి. తమలాంటివాళ్లు ఏ పుస్తకంలోనూ లేకపోతే తాము లెక్కలోకి రామని పిల్లలకు అర్థమవుతుంది. తాము తప్ప ఇంకెవరూ లేకపోతే లోకమంతా తామే అనుకుంటారు. రెండూ నష్టమే.

కథ దగ్గర ఇంకో మేలు ఉంది. పిల్లలు తమ గురించి చెప్పకుండానే తమ గురించి మాట్లాడుకోగలరు. ఒకసారి తరగతిలో తండ్రికి అబద్ధం చెప్పిన అమ్మాయి కథ మీద మాట్లాడుకుంటున్నాం. అందరూ అబద్ధం తప్పంటున్నారు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి, "ఆ పిల్ల కావాలని చెప్పలేదు టీచర్, వాళ్ల నాన్న గుమ్మంలోకి వచ్చిన తీరు చూసి చెప్పింది" అంది. కథలో ఆ గుమ్మం గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆ వాక్యాన్ని అంత శ్రద్ధగా చదివింది ఆ పిల్ల ఒక్కతే. నేను "నిజమే, ఆ వాక్యం మళ్లీ చదువుదాం" అని అందరిచేతా చదివించాను. "మీ ఇంట్లో కూడా అలాగేనా?" అని అడగలేదు. ఆ ప్రశ్న నలుగురిలో అడిగితే కథ ఇచ్చిన చాటు పోతుంది, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. తర్వాత విడిగా పలకరించాను, అది వేరే సంగతి. ప్రతి కథనూ పిల్లల సొంత అనుభవంతో ముడిపెట్టమని శిక్షణల్లో చెబుతుంటారు. నాకది నచ్చదు. ముడిపెట్టుకోవాలో వద్దో, పెట్టుకుంటే పైకి చెప్పాలో వద్దో పిల్లలకే వదిలేయాలి. కథ అయిపోగానే నీతి ఏమిటని అడగడమూ ఇలాంటిదే. ఆ ప్రశ్నకు పిల్లలు టీచరుకు కావలసిన జవాబు చెబుతారు, తమకు తోచింది లోపలే ఉండిపోతుంది.

ఇక రాయడం. ఇక్కడ ఆశలు ఎక్కువ, జాగ్రత్తలు తక్కువ. మనసులో ఉన్నది రాస్తే భారం దిగుతుందని అందరూ అంటారు. దానికి కొంత ఆధారం ఉంది. 1986లో జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయమన్నారు. జరిగింది, జరిగినప్పుడు కలిగిన భావాలు రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో అనారోగ్యంతో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ రెండో సగం మనం తరచూ మరిచిపోతాం. పిల్లవాడి చేత బాధ రాయించి, బెల్లు కొట్టగానే లెక్కల పీరియడ్‌కి పంపేస్తే ఆ బరువుతోనే వెళ్తాడు. పైగా ఆ తర్వాత జరిగిన 146 ప్రయోగాలను కలిపి 2006లో లెక్కకడితే మేలు ఉంది కానీ చాలా చిన్నది అని తేలింది. కాబట్టి రాయడాన్ని మందులా చూడటం పొరపాటు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం. జెరార్డో రమీరెజ్, షాన్ బీలాక్ తొమ్మిదో తరగతి పిల్లలను పరీక్షకు ముందు పది నిమిషాలు ఆ పరీక్ష గురించి తమకున్న భయాలు రాయమన్నారు. పరీక్షలంటే ఎప్పుడూ బెదిరిపోయే పిల్లలకు దానివల్ల మార్కులు మెరుగుపడ్డాయి. కారణం వాళ్లు ఇలా ఊహించారు. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగల విషయాలు కొన్నే, ఆ చోటును భయాలు ఆక్రమించుకుంటాయి, కాగితం మీదికి దించితే చోటు ఖాళీ అవుతుంది. ఇందులో పాత గాయాలు తవ్వడం లేదు. ఎదురుగా ఉన్న ఒక పని గురించి ఉన్న బెదురును మాటల్లో పెట్టుకోవడం, అంతే. తరగతి గదిలో టీచరు చేయించదగ్గది ఇదే అనిపిస్తుంది.

నా తరగతిలో పిల్లలకు మార్కులు లేని నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. వారంలో మూడు రోజులు పది నిమిషాలు రాస్తారు. విషయం ఇస్తాను, నచ్చకపోతే వదిలేయవచ్చు. పేజీ మడిచి పెడితే నేను చదవను. మడవకపోతే చదువుతాను, తప్పులు దిద్దను, ఒకటి రెండు మాటలు రాస్తాను. మొదటిరోజే ఇంకొకటి కూడా స్పష్టంగా చెబుతాను. నేను చదివిన పేజీలో ఎవరైనా మిమ్మల్ని హింసిస్తున్నారని గానీ, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనుకుంటున్నారని గానీ ఉంటే దాన్ని నాలో దాచుకోను, మీతో మాట్లాడి, సాయం చేయగలవాళ్లకు చెబుతాను అని. రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ పిల్లలు ఇక ఏ పెద్దవాళ్లనూ నమ్మరు. టీచరు కౌన్సెలర్ కాదు, కాబోయి చెడగొట్టకూడదు కూడా. ఎవరికి చెప్పాలో ముందే తెలుసుకుని ఉండటం మాత్రం టీచరు పనే. ఆ 'ఎవరు' లేని బడిలో ఇలాంటి నోటు పుస్తకం మొదలుపెట్టే ముందు ఆ ఏర్పాటు చేసుకోవాలి.

ఇప్పుడు ఆ నోటు పుస్తకాలు చదివే మనిషి దగ్గరికి వస్తాను. ఒక పిల్ల రాసిన పేజీ చదివి గొంతులో ముద్ద దిగక ఉన్న టీచరు, ఐదు నిమిషాల్లో పక్క తరగతికి వెళ్లి నవ్వుతూ పద్యం చెప్పాలి. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను గమనించి, లోపల ఎలా ఉన్నా పైకి ఉద్యోగానికి కావలసిన భావం చూపించడాన్ని భావోద్వేగ శ్రమ అని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో అన్నారు. అది కూడా పనే, దానికీ అలసట ఉంటుంది. టీచర్లు రోజూ చేసే ఈ పనిని ఏ వర్క్‌లోడ్ లెక్కలోనూ చూపించరు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌కు, అంటే పనివల్ల మనిషి పూర్తిగా అరిగిపోవడానికి, నిర్వచనం ఇస్తూ, అది పనిచేసే చోట ఎడతెగకుండా ఉండి, సరిగా సర్దుబాటు కాని ఒత్తిడి నుంచి వచ్చేదని చెప్పింది. పనిచేసే చోట పుట్టేదాన్ని టీచరు ఇంటికెళ్లి ధ్యానం చేసి పోగొట్టుకోవాలనడం న్యాయం కాదు.

ఇది పిల్లల సంగతి కూడా. కెనడాలో నాలుగు నుంచి ఏడో తరగతి వరకు చదివే నాలుగు వందల మందికి పైగా పిల్లల లాలాజలంలో కార్టిజోల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ అలసిపోయామన్న టీచర్ల తరగతుల్లో పిల్లలకు పొద్దున పూట ఆ హార్మోన్ ఎక్కువగా ఉంది. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో ఆ అధ్యయనం తేల్చలేదు, అటు నుంచి ఇటు కూడా వచ్చి ఉండవచ్చు. ఏమైనా ఇద్దరిదీ ఒకే గది, ఒకే గాలి. 2024లో వచ్చిన యునెస్కో నివేదిక ప్రకారం ప్రపంచమంతటా ప్రాథమిక పాఠశాల టీచర్లలో ఉద్యోగం వదిలేసేవాళ్లు 2015లో 4.6 శాతం ఉంటే 2022కి 9 శాతం దాటారు. 2030 నాటికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలట. ఉన్నవాళ్లను నిలబెట్టుకోకుండా అంతమందిని ఎక్కడినుంచి తెస్తారు?

భాషా టీచరును అన్నిటికంటే ఎక్కువగా అరగదీసేది దిద్దుడు పని. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కో వ్యాసానికి ఐదు నిమిషాలనుకుంటే 200 నిమిషాలు, అంటే మూడు గంటల 20 నిమిషాలు. అది ఒక్క తరగతికి, ఒక్క వ్యాసానికి. బడి అయ్యాక, ఇంట్లో, ఎక్కువసార్లు నిద్ర మానుకుని. ఇంత చేసి పిల్లలకు ఏమైనా మేలు జరుగుతోందా? 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఐదు, ఆరు తరగతుల పిల్లలను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు మార్కులే ఇచ్చారు, ఒకదానికి వ్యాఖ్యలే రాశారు, ఇంకోదానికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, ఆసక్తి కూడా నిలిచింది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. పిల్లలు మార్కు చూసుకుంటారు, పక్కవాళ్ల మార్కు చూస్తారు, పుస్తకం మూసేస్తారు. రాత్రి పదకొండింటికి కళ్లు మంటపుడుతుంటే ఎర్ర సిరాతో మనం రాసిన మాటలు చదివేవాళ్లే ఉండరు.

టీచరు అలసట, పిల్లల బెదురు రెండూ ఒకే ఎర్ర సిరాలోంచి వస్తున్నాయి. ఇది తెలిశాక కూడా ప్రతి తప్పునూ చుట్టి చూపించడమే శ్రద్ధకు గుర్తు అని ఎందుకు అనుకోవాలి? ఒక వ్యాసంలో ఒక్క విషయమే చూద్దాం, ఈసారి వాక్యాల ముగింపులు, వచ్చేసారి పేరాల విభజన. వ్యాఖ్య ముందు ఇచ్చి, పిల్లలు దాన్నిబట్టి మళ్లీ రాశాక మార్కు వేద్దాం. కొన్ని రాతలు దిద్దకుండా, చదివే మనిషిగా చదువుదాం. "ఇక్కడ నాకు నవ్వొచ్చింది" అని టీచరు రాసిన ఒక్క ముక్క పిల్లలు ఎన్నిసార్లు తిరగేసి చూసుకుంటారో గమనించినవాళ్లకు తెలుసు. అది రాయడానికి పది సెకన్లు చాలు.

పిల్లలు రాస్తున్న ఆ పది నిమిషాలు బల్లల మధ్య తిరక్కుండా నేనూ కూర్చుని రాస్తాను. పిల్లలు అప్పుడప్పుడూ తలెత్తి చూస్తారు, టీచరు కూడా రాస్తోందని మళ్లీ తల వంచుకుంటారు. నాకు ఆ రోజులో నా మాట నేను వినే సమయం అదొక్కటే. భాష మీద ఇష్టంతో ఈ ఉద్యోగానికి వచ్చిన మాలో చాలామందికి సొంతంగా ఒక పుస్తకం చదివే తీరిక పోయింది. చదవడమంటే ఆనందమని చెప్పే మనిషికి ఆ ఆనందం లేకపోతే పిల్లలకు తెలిసిపోతుంది. స్టాఫ్‌రూమ్‌లో ఒక పుస్తకం చదివి మాట్లాడుకునే గంట కావాలి. అది బడి వేళల్లోనే ఉండాలి, ఇప్పుడున్న సమావేశాల్లో ఒకటి తీసేసి ఆ చోట పెట్టాలి, రానివాళ్లను రమ్మని ఒత్తిడి చేయకూడదు. ఆ గంటకు రిపోర్టు అడిగారంటే ఆ రోజుతో అది చచ్చిపోయినట్టే.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. చదవడం రాని పిల్లలకు సిలబస్ పూర్తయిందని రాసుకోవడంలో ఉన్న అర్థమేమిటని నేను తిరిగి అడుగుతాను. వంతులవారీ చదివింపుకు పోయే సమయం, ఎవరూ చదవని వ్యాఖ్యలకు పోయే సమయం వెనక్కి తీసుకుంటే ఈ పనులన్నిటికీ సరిపోతుంది.

టీచరు ఒంటరిగా తేల్చుకోలేనిది ఒకటుంది. దిద్దని నోటు పుస్తకం తనిఖీలో దొరికితే టీచరు పని ఎగ్గొట్టినట్టే లెక్క. నా తోటి టీచర్లు చాలామంది ఈ ఒక్క భయంతోనే మార్కులు లేని రాతకు వెనకాడుతున్నారు. కాబట్టి ఏ పుస్తకం దిద్దేది, ఏది దిద్దనిది, దిద్దనిది ఎందుకు దిద్దనిదో హెడ్‌మాస్టరు ఏడాది మొదట్లోనే కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. దాని ప్రతి ఒకటి తనిఖీకి వచ్చేవాళ్ల చేతికివ్వాలి, ఒకటి తల్లిదండ్రుల మొదటి సమావేశంలో చదివి వినిపించాలి. పిల్లలు తమంతట తాము చూపిస్తే తప్ప ఆ పుస్తకం తెరవొద్దన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి.